చుక్క లేని అంకెలు

పోయిన వారం చిన్నదాన్ని కంప్యూటరు ముందు నోరు తెరిపించి కూర్చోబెట్టి వదిలేశాం. పాపం, వారమంతా అలాగే ఉంది. మధ్యలో వచ్చి చేరినవాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని, తర్వాత ఆమెను కదిలిద్దాం.

చిన్నది అంటే వయసుకు చిన్నది కాదు. ముప్పై దాటింది. ఇద్దరు అక్కచెల్లెళ్ళలో రెండోది కాబట్టి ఇంట్లో ఆ పేరు అతుక్కుపోయింది. నది ఒడ్డున ఎత్తు మీద కట్టిన వరద సూచనల ఆఫీసులో ఆమె ఉద్యోగం. అక్కడ ఆమె పేరు వేరు. అక్కడ అందరూ ఆమెను ఉపగ్రహం అంటారు. కొండల మీద ఎంత వాన పడుతోందో ఆకాశంలోంచి చూసి ఉపగ్రహం పంపే అంకెలతో, నదిలోకి రేపు ఎంత నీరొస్తుందో ఇవాళే చెప్పే మోడల్‌ను తయారుచేసింది ఆమే. పైనుంచి అన్నీ చూస్తుంది, కిందికి మాత్రం ఒక్కసారీ దిగదు అని ఆ పేరులో ఒక ఎత్తిపొడుపు కూడా ఉంది. ఆ ఎత్తిపొడుపు ఆమెకు తెలుసు. పట్టించుకోదు.

ఆ ఆఫీసుకు పెద్ద ఆమె బావ, అంటే అక్క మొగుడు. ఆఫీసు గడప లోపల సార్, బయట బావ. ఏడాది నుంచి ఆమె ఈ నియమం ఒక్కసారి కూడా తప్పలేదు.

ఆ పొద్దున ఆమె పేరు మీద ఒక ప్రకటన వెళ్ళింది. నది కరకట్ట దాటదు, గట్టు వీధి వాళ్ళు ఇళ్ళు ఖాళీ చేయక్కర్లేదు అని దాని సారాంశం. రేడియోలో ఆమె పేరు చెప్పి మరీ చదివారు. గట్టు వీధి అంటే కరకట్టకు ఆనుకుని పల్లంలో ఉన్న వీధి. అక్క కాపురం అక్కడే. ప్రకటన వెళ్ళాక చిన్నది తీరుబడిగా పాత లెక్కలు తిరగేస్తుంటే ఒక రోజు దగ్గర కన్ను ఆగింది. రెండేళ్ళ కిందటి వానాకాలంలో ఒక రోజు కొండల మీద అసలు వానే లేదు. అయినా నది పొంగింది. నోరు తెరుచుకున్నది అక్కడే.

వాన లేకుండా నదులు పొంగవని కాదు. ఎగువన ఎవరైనా గేట్లు ఎత్తొచ్చు, ఏ చెరువో తెగొచ్చు. ఈ నదికి ఎగువన గేట్లూ లేవు, తెగడానికి చెరువూ లేదు. కొండలు, అడవి, ఆ కొండలు దిగేచోట పై వంతెన, అంతే. చిన్నది ఆ రోజు ఉపగ్రహం పంపిన బొమ్మ తీసి చూసింది. బొమ్మలో కొండల మీద కుండపోత. కొండ మీద వాన కొలిచే గొట్టంలో మాత్రం సున్నా.

ఇంతవరకు కంగారు పడాల్సిందేమీ లేదు. ఉపగ్రహానికి కనిపించేది వాన కాదు, మబ్బు నెత్తి. మబ్బు ఎత్తుగా, చల్లగా ఉంటే దాని కింద పెద్ద వాన పడుతోందని అది ఊహించుకుంటుంది. ఒక్కోసారి ఆ మబ్బు ఉత్త హంగామా చేసి, ఏమీ రాల్చకుండా తన దారిన తాను పోతుంది. అలాంటప్పుడు ఉపగ్రహం మోసపోతుంది. సరే, అది మోసపోయింది. మరి నది ఎందుకు మోసపోయింది? పై వంతెన దగ్గర కొలిచిన ప్రవాహం అని రాసి ఉన్న వరసలో, పడని వానకు నది బుద్ధిగా పొంగి, బుద్ధిగా తగ్గింది.

ఆకాశంలోని యంత్రం ఒక్కటే చూసిన వానకు భూమ్మీది నది పొంగదు. పొంగిందంటే ఆ అంకెలు నదిలోంచి వచ్చినవి కావు. ఆ యంత్రంలోంచే వచ్చాయి. చిన్నది నోరు మూసుకుని, మంచినీళ్ళు తాగి, అప్పట్నుంచి ఉన్న రెండేళ్ళ అంకెల మీద పడింది. వాన లేని రోజు నది పొంగడం ఇంకో రెండు చోట్ల దొరికింది. తర్వాత వెతకడం మానేసింది, వెతికితే ఇంకా దొరుకుతాయన్న భయంతో.

దర్జీకి ఆది చొక్కా ఇస్తాం చూడండి, ఈ పనిలో కాలిబ్రేషన్ అంటే అదే. వాన పడితే నేల ఎంత తాగుతుంది, మిగిలింది ఎంత వేగంగా నదిలోకి దిగుతుంది, మోడల్‌లో వీటికి మరలుంటాయి. నదిలో నిజంగా కొలిచిన పాత ప్రవాహాన్ని ఆదిగా పెట్టుకుని, మోడల్ గీసే గీత నది గీసిన గీత మీద కూర్చునేదాకా ఆ మరలను తిప్పుతూ పోవాలి. చిన్నది నెలల తరబడి తిప్పింది. చివరికి ఆ రెండు గీతలూ ఎంత చక్కగా కలిసిపోయాయంటే, రెండో గీత ఎక్కడుందని పై ఆఫీసు వాళ్ళు కళ్ళజోళ్ళు తుడుచుకుని మరీ వెతికారు. చప్పట్లు కొట్టారు. పక్క నదుల వాళ్ళు కూడా ఆ మోడల్ మాకూ కావాలన్నారు.

ఆదికి ఇచ్చిన చొక్కా కూడా అదే తానులో గుడ్డయితే కొత్త చొక్కా దానికి అచ్చంగా సరిపోక ఏం చేస్తుంది? సరిపోనిది ఒక్కరికే, దాన్ని తొడుక్కోవాల్సిన మనిషికి.

ఇప్పుడు కొండల మీద మూడు రోజులుగా కూర్చున్నవి పొట్టి మబ్బులు. కొండల నడుములు పట్టుకుని కదలకుండా కురుస్తున్నాయి. ఎత్తు లేని మబ్బులను ఉపగ్రహం లెక్కచేయదు, ఓ మోస్తరు వాన అని రాసేస్తుంది. పై వంతెన అంకెలు నిజంగా కొలిచినవే అయితే, ఉపగ్రహం చెప్పిన దానికంటే నదికి ఎక్కువ నీరొస్తోందని మోడల్ ఆ పాత వరదల్లోనే నేర్చుకుని ఉండేది. దానికి ఎవరూ నేర్పలేదు. అందుకే ఆ పొద్దున అది ఏ బెరుకూ లేకుండా కరకట్ట దాటదని చెప్పింది, చిన్నది సంతకం పెట్టింది.

ఆమె ఆ రెండేళ్ళ అంకెలనూ పక్కకు తీసేసింది. అంతకు ముందరి ఏళ్ళవి, మనుషులు నీటిమట్టం చూపే స్తంభం దగ్గర నిలబడి కొలిచిన వరదలు మాత్రం ఉంచి, మరలన్నీ మళ్ళీ తిప్పమని యంత్రానికి చెప్పింది. అది గుర్రుమంటూ పని మొదలుపెట్టింది. ఆమె లేచి కిటికీ దగ్గరకు వెళ్ళింది. కిటికీకి అవతల చూడటానికి ఏముంది, నీళ్ళే. ఆఫీసుకొచ్చే రోడ్డు మీదకు పక్క కాలువ ఎగదన్ని, పొద్దున చక్రం సగం మునిగే లోతున్న నీరు మధ్యాహ్నానికి రోడ్డు పక్క గుర్తు రాళ్ళను కూడా ముంచేసింది. ఆఫీసు డ్రైవరు అవతలి ఒడ్డున జీపులో కూర్చుని ఉన్నాడు. అప్పుడప్పుడూ లైట్లు వెలిగించి తానింకా ఉన్నానని చెబుతున్నాడు. ఇవతల ఉన్నది ముగ్గురు. చిన్నది, బావ, కింద జనరేటరు పక్కన కుర్చీలో కునుకు తీస్తున్న ఆపరేటరు. వెళ్ళడానికి దారి లేదు, రావడానికి మనిషి లేడు. గోడలు చెమ్మగిల్లి గదంతా తడి అట్ట వాసన వేస్తోంది. ఆమెకు ఊపిరాడలేదు. కిటికీ తెరిస్తే జల్లు కంప్యూటరు మీద పడుతుంది, మూస్తే ఈ వాసన.

యంత్రం గుర్రు ఆపింది. కొత్త గీత వచ్చింది. అది కరకట్ట ఎత్తు దగ్గర ఆగలేదు. కరకట్ట మీద నిలబడిన మనిషికి నడుము దాకా నీళ్ళుంటాయని, అదీ చీకటి పడేలోపేనని చెప్పింది.

బావ గది తలుపు తీసే ఉంది. తడిసిన మేజోళ్ళను ప్రింటరు మీద ఆరేసుకుని, వట్టి కాళ్ళతో కుర్చీలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. పొడుగాటి మనిషి. కుర్చీలో అలా కూర్చుంటే మోకాళ్ళు రెండూ బల్ల అంచును తాకుతుంటాయి. చిన్నది బడికి వెళ్ళే రోజుల్లో సెలవులకు అక్క దగ్గరకు వస్తే, చెయ్యి పట్టుకుని రేవు దగ్గర స్తంభం మీద నీటిమట్టం చదవడం నేర్పింది ఈయనే. అల వచ్చినప్పుడు చదవకు, అల వెళ్ళినప్పుడూ చదవకు, రెండింటి మధ్యన చదువు అనేవాడు.

"సార్, ఒక మాట అడగాలి."

"రా అమ్మాయ్. రోడ్డు మీద నీళ్ళేమైనా తగ్గాయా?"

"పెరిగాయి. పై వంతెన దగ్గర సెన్సర్ ఎప్పుడు పాడైంది సార్?"

"నిన్నట్నుంచి సిగ్నల్ రావట్లేదని చెప్పాగా."

"నిన్నటి సంగతి కాదు. రెండేళ్ళ కిందటి వానల్లో అది పనిచేసిందా?"

బావ టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నాడు. గ్లాసులో టీ లేదు. అయినా ఒక గుక్క తాగాడు.

"అంకెలున్నాయి కదా అమ్మాయ్."

"ఉన్నాయి. అవి కొలిచినవా, లెక్కగట్టినవా?"

బయటివాళ్ళకు ఈ రెండు మాటలూ ఒకటే అనిపించొచ్చు. ఆ ఆఫీసులో మాత్రం వీటి మధ్య ఒక గోడ ఉంది. నదిలోకి దిగి చూసింది కొలత. దిగకుండా వేరే ఆధారంతో రాబట్టింది లెక్క. లెక్క రాయడం తప్పు కాదు. రాస్తే పక్కన చుక్క పెట్టాలి, అదే నియమం. చుక్క ఉంటే జాగ్రత్తగా వాడుకోమని అర్థం. చుక్క లేకపోతే ఆ అంకెను కళ్ళు మూసుకుని నమ్మొచ్చు. చిన్నది నమ్మింది.

"పక్కన చుక్క ఉందా?" అన్నాడు బావ.

"లేదు."

"లేకపోతే కొలిచిందే కదా."

"అదే నేనూ అనుకున్నా. మరి కొండ మీద గొట్టంలో సున్నా ఉన్న రోజు నది ఎలా పొంగింది సార్? ఉపగ్రహం తప్పు చూసిన ప్రతిసారీ నది కూడా అదే తప్పు ఎందుకు చేసింది?"

బావ లేచి వెళ్ళి తలుపు వేశాడు. ఎవరు వింటారని వేశాడో ఆయనకే తెలియాలి. తిరిగొచ్చి కూర్చోలేదు. ప్రింటరు మీది మేజోడు ఒకటి తిరగేసి ఆరేశాడు.

"అక్కడ సెన్సర్ లేదు అమ్మాయ్."

"లేకపోవడమేంటి?"

"ఆ ఏడు వచ్చిన మొదటి పెద్ద వరదకే స్తంభంతో సహా కొట్టుకుపోయింది. ఇదిగో పెడతాం, అదిగో పెడతాం అన్నారు. పెట్టలేదు. కానీ నెల తిరిగేసరికి అంకెలు కావాలి పైవాళ్ళకి. ఉపగ్రహం వాన తీసుకుని లెక్కగట్టాను. చుక్కలు పెట్టే పంపాను, నీ మీద ఒట్టు. వెనక్కొచ్చాయి. చుక్కలున్నవి తీసుకోం, కొలిచి పంపండి అన్నారు. దేంతో కొలవను, బెత్తంతో కొలవనా? మళ్ళీ పంపాను, మళ్ళీ వెనక్కొచ్చాయి. ఇక విసుగొచ్చి ఒకరోజు చుక్కలు తీసేసి, అవే అంకెలు పంపాను. మర్నాడే ఫోన్. మీ ఆఫీసు పని చాలా మెరుగుపడింది, ఇలాగే కానివ్వండి అని."

చిన్నదానికి నవ్వొచ్చింది. నవ్వాల్సిన చోటు కాదని తెలుసు, అయినా వచ్చింది. ఆ నవ్వు సగంలోనే ఏడుపు వైపు తిరుగుతోందని తెలిసి ఆపుకుంది.

"నాకు చెప్పుండాల్సింది."

"చెబుదామనే అనుకున్నా. ఈలోపు నువ్వు రెండు గీతలూ కలిసిపోయాయంటూ పరిగెత్తుకొచ్చావు. ఆ మొహం చూశాక నాకు నోరు రాలేదు."

"ఆ మొహం గలదాని పేరే ఇవాళ రేడియోలో చదివారు సార్." చేతిలోని కొత్త గీత కాగితాన్ని బల్ల మీద పెట్టింది. "మీ రెండేళ్ళూ తీసేసి మళ్ళీ కట్టాను. చూడండి."

బావ చూశాడు. చాలాసేపు చూశాడు. ఆయనకు గీతలు చదవడం ఎవరూ నేర్పక్కర్లేదు. గీత కరకట్టను దాటిన చోట వేలు పెట్టి, అక్కడి నుంచి తీయలేదు.

"ఇది మాత్రం నిజమని ఏంటి నమ్మకం?" అన్నాడు చివరికి. "ఆ పాత ఏళ్ళలో వచ్చినవే కాసిని వరదలు. వాటితో కట్టిన మోడల్ ఎంతవరకు నిలుస్తుంది?"

"పూర్తి నమ్మకం లేదు. కానీ ఇందులో ఉన్నవి నిజం నీళ్ళు."

"పోయినేడు ఏమైందో గుర్తుందిగా. వస్తోంది వస్తోంది అని వీధి వీధంతా ఖాళీ చేయించి బడిలో పడేశాం. చుక్క నీరు రాలేదు. మన ఆఫీసు గోడ మీద బొగ్గుతో కప్ప బొమ్మ గీసి వెళ్ళారు. మీ అక్క కుళాయి దగ్గరకెళ్తే, ఏమ్మా ఇవాళ వరద ఎన్నింటికి అని అడిగేవాళ్ళు. పొద్దున రాదని, మధ్యాహ్నం వస్తుందని, రేపు పొద్దున మళ్ళీ రాకపోతే ఇక మన మాట ఎవరు వింటారు?"

ఇందులో నిజం లేకపోలేదు. చిన్నదాన్ని ఇరికించింది అదే. బావ పచ్చి అబద్ధాలు చెప్పే మనిషయితే ఆమెకు పని తేలికయ్యేది.

"వినకపోతే నవ్వుతారు. విని ఇళ్ళలో ఉండిపోతే చస్తారు. సార్, సవరణ పంపాలి. నేను సిద్ధం చేసి పెట్టాను. మీరు ఆమోదిస్తే వెళ్ళిపోతుంది."

ఆ ఆఫీసులో ఏ ప్రకటనైనా తయారుచేసేది ఒకరు, ఆమోదించేది మరొకరు. తయారుచేసిన మనిషి ఎంత మొత్తుకున్నా, పెద్ద తన గుర్తింపు సంఖ్య కొట్టనిదే అది తెర దాటదు. ఉన్న ప్రకటనను మార్చాలంటే ఇంకో మెలిక కూడా ఉంది. కారణం అని ఒక గడి ఉంటుంది, అది ఖాళీగా ఉంటే యంత్రం కదలదు. చిన్నది ఆ గడిలో రాసినదాన్ని బావ తన తెర మీద తెరిచి చదివాడు. పై వంతెన దగ్గర కొలిచిన ప్రవాహంగా నమోదైనది కొలిచినది కాదు, కాబట్టి ఉదయపు సూచన చెల్లదు.

"ఇది నా చేత్తో నేనే ఆమోదించాలా?"

"వేరే పెద్ద ఎవరూ లేరుగా."

"ఇది వెళ్తే నా ఉద్యోగం పోతుంది. పోతే పోనీ. కేసు పెడతారమ్మాయ్. మీ అక్క రేపు ఎవరి గుమ్మంలో నిలబడాలి?" గొంతు తగ్గించాడు. "కారణం మార్చు. సెన్సర్ ఇవాళ పాడైందని రాయి. అప్పుడు నొక్కుతాను."

చిన్నది ఒక్క క్షణం ఆశపడింది. ఆ మాట దాచక్కర్లేదు. అక్క సంసారం, బావ పరువు, వీధి ప్రాణాలు, మూడూ దక్కే దారి ఒకటి కనిపించినట్టయింది. అంతలోనే నియమాలు గుర్తొచ్చాయి. సెన్సర్ పాడైతే పాత సూచనే అమల్లో ఉంచి, మరమ్మతు అయ్యేదాకా ఆగమని ఉంది. సూచనే తప్పు అంటే తప్ప సైరన్ మోగదు. ఆ సంగతి ఆమెకంటే బావకే బాగా తెలుసు, ఆ నియమాలు రాసిన కమిటీలో ఆయన కూడా కూర్చున్నాడు.

"అలా రాస్తే ఎవర్నీ కదిలించరు సార్."

"అయితే ఉపగ్రహం తర్వాతి బొమ్మ వచ్చేదాకా ఆగుదాం. అందులో వాన తగ్గినట్టుంటే ఈ గొడవే ఉండదు."

"ఆ బొమ్మ అబద్ధం చెబుతోందనే కదా ఇంతసేపూ మాట్లాడుకున్నాం."

వాన శబ్దం పెరిగింది. అవతలి ఒడ్డున జీపు లైట్లు ఒకసారి వెలిగి ఆరాయి.

"సరే," అంది చిన్నది. "మీరు ఆలోచించుకోండి. ఈలోపు అక్కకు ఫోన్ చేసి పిల్లల్ని తీసుకుని బయటికి పొమ్మంటాను."

"అక్కర్లేదు."

ఆ మాట చాలా తొందరగా వచ్చింది. అన్న మనిషికే అది తెలిసింది. ఆమె ఫోన్ పట్టుకున్న చెయ్యి అక్కడే ఆగింది.

"ఎందుకక్కర్లేదు?"

బావ కిటికీ వైపు చూశాడు.

"ఎందుకక్కర్లేదు బావా?"

ఏడాదిగా నిలబెట్టుకున్న నియమం అలా తెగిపోయింది. ఇద్దరూ అది విన్నారు.

"వాళ్ళు పొద్దున్నే మా పెద్దక్క ఇంటికెళ్ళారు. మేడ మీద ఇల్లు కదా అని పంపించాను."

"పొద్దున్న ఎప్పుడు?"

"ప్రకటన వెళ్ళకముందు."

అంటే ఆ ప్రకటనను ఆమోదించడానికి గుర్తింపు సంఖ్య కొట్టినప్పుడు ఈయన ఇల్లు ఖాళీ. చిన్నది బల్ల అంచు పట్టుకుంది. ఆమెకు ఈయన మీద కోపం రావడం ఇదే మొదటిసారి కాదు. అసహ్యం కలగడం మాత్రం ఇదే మొదలు. చిన్నప్పుడు తన చెయ్యి పట్టుకుని రేవు మెట్లు దింపిన మనిషి మీద అసహ్యం కలగడం ఆమె భరించలేకపోయింది.

"అయితే మీరు నా సూచన నమ్మలేదు."

"నమ్మాను. కానీ ఆ అంకెలు కట్టింది నేనే కదా, ఎక్కడో భయం."

"ఆ భయంలో గట్టు వీధికి కాస్త పంచలేకపోయారా? ఎదురింటి ముసలాయనకి? మీ పిల్లల్ని రోజూ బడికి తీసుకెళ్ళే పక్కింటావిడకి? మీ పిల్లలకైతే మేడ, వాళ్ళకైతే నా సంతకమా?" గొంతు పైకి లేవలేదు. అలాంటి మాటలు ఆమె ఎప్పుడూ మెల్లగానే అంటుంది, అందుకే అవి ఎక్కువ తగులుతాయి. "నేను ఉపగ్రహాన్ని బావా, కిందికి దిగలేదు, ఆ వంతెన దగ్గర స్తంభం ఉందో లేదో ఒక్కసారీ వెళ్ళి చూడలేదు. మీకు అన్నీ తెలుసు. తెలిసీ మీ ఇంటికి మాత్రం చుక్క పెట్టుకున్నారు."

బావ రెండు చేతులతో మొహం రుద్దుకున్నాడు. అప్పుడే ఆమె చేతిలో ఫోన్ మోగింది. తెర మీద అక్క.

"ఏమే చిన్నదానా, తిన్నావా?" లౌడ్ స్పీకర్ నొక్కగానే అక్క గొంతు గదంతా నిండింది. "ఇందాకట్నుంచి చేస్తున్నా, కలవట్లేదు. మీ బావదీ అంతే. ఇద్దరూ ఒకేచోట ఇరుక్కుని నాకు మాత్రం దొరకరు."

"అక్కా, మీరు మీ వదిన వాళ్ళింట్లోనే ఉన్నారుగా?"

"నీకు చెప్పేశారా? నీకు చెప్పొద్దని నాతో ఒట్టు వేయించుకున్నారే. నీ లెక్క మీద నమ్మకం లేదనుకుంటావని. లేదే, వచ్చేశాం."

"ఎక్కడికి?"

"ఎక్కడికేంటి, ఇంటికి. వదిన వాళ్ళు రేడియో పెట్టారు. నీ పేరు రాగానే మా పెద్దాడు ఒకటే గెంతులు, మా పిన్ని చెప్పింది నీళ్ళు రావని అంటూ. ఇంక అక్కడ కూర్చోవడం ఎందుకు? ఆ ఇంట్లో నలుగురు కూర్చుంటే అయిదో మనిషి నిలబడాలి. మీ బావకు ఊరికే భయం. బండి పిలుచుకుని పిల్లల్ని తీసుకుని వచ్చేశాను."

బావ మొహం మీంచి చేతులు తీశాడు. వట్టి కాళ్ళతో బల్ల చుట్టూ వచ్చి కూర్చుని, కారణం గడిలో చిన్నది రాసింది చెరిపేశాడు. ఆమె ఆపబోయింది. ఆయన తల అడ్డంగా ఊపి తనే కొట్టడం మొదలుపెట్టాడు. రెండు వేళ్ళతో కొడతాడు, ఎప్పుడూ అంతే. పై వంతెన ప్రవాహం కొలిచినది కాదు, నేను లెక్కగట్టినది, చుక్కలు తీసేసింది నేనే, సూచన తయారుచేసినవారికి ఈ విషయం తెలియదు. కింద తన పూర్తి పేరు, హోదా రాశాడు. గుర్తింపు సంఖ్య కొట్టి నొక్కాడు. తెర మీద గీత ఒకటి మెల్లగా నిండి, ప్రకటన వెళ్ళిందని చూపించింది. చిన్నది ఆయన భుజం మీద చెయ్యి వేసింది, తీయలేదు.

"హలో, ఉన్నావా?" అంది అక్క.

"అక్కా, విను. నా లెక్క తప్పు. నీళ్ళొస్తాయి. చీకటి పడేలోపే కరకట్ట దాటుతాయి. ఏమీ సర్దకు, పిల్లల్ని తీసుకుని ఇప్పుడే బయల్దేరు."

అవతల పిల్లలు దేనికోసమో కొట్టుకోవడం వినిపించింది.

"ఎలా రావాలే? మేం వచ్చేటప్పుడే వీధి మొదట్లో తూము మీద చక్రాలు మునిగాయి. మా వెనక వచ్చిన బండి దాటలేక తిరిగిపోయింది. వేరే దారి లేదు కదా."

"వీధిలో మిగతావాళ్ళు ఎంతమంది ఉన్నారు? కొందరైనా వెళ్ళిపోయారా?" అని అడిగాడు బావ. ఆ గొంతు ఆయనదని అక్క గుర్తుపట్టడానికి కొంచెంసేపు పట్టింది.

"మీరూ అక్కడే ఉన్నారా? లేదండీ, అందరూ ఇక్కడే ఉన్నారు. పొద్దున మీరు మమ్మల్ని పంపించడం చూసి సగం వీధి మూటలు కట్టుకుందట. నేను తిరిగొచ్చేసరికి గుమ్మాల్లో నిలబడి ఉన్నారు, వెళ్ళాలా వద్దా అని. నేనే ఒక్కో ఇంటికీ వెళ్ళి చెప్పాను. మా చెల్లెలి లెక్క తప్పదు, చూడండి నేనే పిల్లలతో తిరిగొచ్చేశాను అని." అక్క పిల్లల్ని ఊరుకోమంది. "నా మాట విని అందరూ మూటలు విప్పేసుకున్నారే, చిన్నదానా."